కుక్క కూర్చున్న చోటు

నాకు కుక్కలంటే భయం. తొమ్మిదేళ్లప్పుడు ఆళ్లగడ్డలో మా సందు మలుపులో ఒక కుక్క నా పిక్క పట్టుకుంది. అక్క పొయ్యిలో కట్టె లాక్కొచ్చి కొడితే గానీ వదల్లేదు. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవాళ్లు. అమ్మా నాయనా అప్పటికే లేరు. అక్కకు పెళ్లయి ఆరు నెలలు కూడా కాలేదు. మా బావ పని మానుకుని రోజూ నన్ను బస్సులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారి పొడవునా ఏడుస్తానని కిటికీ పక్కన కూర్చోబెట్టి మైలురాళ్లు లెక్కపెట్టమనేవాడు. ఒకటి తప్పితే "మల్ల మొదట్నుంచి లెక్కపెట్టు" అనేవాడు. వెనకపడిపోయిన రాళ్లను మొదట్నుంచి ఎట్లా లెక్కపెట్టాలో నాకు తెలిసేది కాదు. ఆ ఆలోచనలో ఉండగానే ఆసుపత్రి వచ్చేసేది.

వాళ్లకు పిల్లలు పుట్టలేదు. నన్నే పెంచారు, పదో తరగతి దాకా చదివించారు, నంద్యాలలో పెళ్లి చేశారు. బావ ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పనిచేసేవాడు. చెక్కేది వేరేవాళ్లు. చెక్కినదాన్ని నీళ్లు పోస్తూ అరగదీసి నునుపు చేయడం ఆయన పని. ఆదివారం మాతోపాటు చర్చికి వచ్చేవాడు, సోమవారం వినాయకుడి తొండం రుద్దేవాడు. ఎవరన్నా అదేందప్పా అంటే, "రాయి రాయే, పని పనే" అనేవాడు.

నేను నంద్యాలలో ఒక పళ్ల డాక్టరు దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. పరికరాలు ఉడకబెట్టడం, దూది అందించడం, భయపడే పేషెంట్ల భుజం పట్టుకోవడం నా పని. మూడేళ్ల కింద ఒక మనిషి దవడ పన్ను నొప్పితో వచ్చాడు. సంజామల పక్క పల్లెటూరాయన. సైన్యంలో కుక్కల్ని నడిపే పని చేసి రిటైరై, మహానంది రోడ్డులో కొంచెం జాగా కౌలుకు తీసుకుని ఉంటున్నాడు. పన్ను పీకించుకున్నాక నోట్లో దూదితోనే డాక్టరును అడిగాడు.

"సార్, పీకిన పండ్లు ఏం చేస్తారు?"

"పారేస్తాం. ఆసుపత్రి చెత్త తీసుకుపోయే బండి వస్తుంది."

"నాకు ఇస్తారా? చచ్చిపోయిన మనిషిని వెతికే కుక్కను తయారు చేస్తాండా. దానికి మనిషి వాసన కావల్ల. పన్నయితే ఎవరికీ నొప్పి లేదు."

నేను ట్రే బల్ల మీద పెట్టేశాను. డాక్టరు మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని వివరాలు అడగడం మొదలుపెట్టాడు. వరదల్లో, గోడలు కూలినప్పుడు, కొండల్లో తప్పిపోయినప్పుడు మనిషి దొరకక ఇంటివాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారని, సైన్యంలో అలాంటివి చూసి చూసి, రిటైరయ్యాక సొంతంగా ఒక కుక్కను పెంచి పోలీసులు పిలిచినప్పుడు తీసుకుపోవాలని అనుకున్నానని ఆయన చెప్పాడు. వారం తర్వాత పోలీసు ఆఫీసు నుంచి ఒక ఉత్తరం కూడా తెచ్చి చూపించాడు. పేషెంటును అడిగి, ఒప్పుకున్నవాళ్ల పళ్లే ఇస్తామని డాక్టరు అన్నాడు. అడిగే పని నా మీద పడింది.

నోట్లో దూది పెట్టుకున్న మనిషి "ఊఁ" అంటే అది ఒప్పుకోవడమో కాదో తెలియదు. అందుకని పీకకముందే అడిగేదాన్ని. కొందరు కోప్పడ్డారు. ఒకాయన తన పన్ను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని పోయాడు. ఒక ముసలామె మాత్రం, "తీసుకోమ్మా. నా నోట్లో ఉండి ఏం బాగుపడింది అది" అంది.

పళ్లు ఇచ్చి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆయనకు ఇంకో మనిషి అవసరం పడింది. పన్ను ఎక్కడ దాచారో కుక్కను నడిపేవాడికి తెలియకూడదట. ఆదివారం మధ్యాహ్నాలు నేను వచ్చి దాస్తానని డాక్టరే నా తరఫున ఒప్పేసుకున్నాడు. నాకు కుక్కలంటే భయమని నేను గట్టిగానే చెప్పాను.

"కుక్క వ్యానులోనే ఉంటాదమ్మా. నువ్వు దాచేసి దూరంగా పోయి నిలబడు" అన్నాడాయన.

"చచ్చినవాళ్లన్నా భయమే."

"మంచిది. భయమున్నోళ్లు చెప్పిన పని చెప్పినట్టు చేస్తారు."

నేను పోయేసరికి ఆ కుక్క సిమెంటు ఇటుకల దగ్గర పాఠం నేర్చుకుంటోంది. నల్లటి ఆడ లాబ్రడార్, ఏడాదిన్నర వయసు. బొక్కలున్న ఇటుకలు ఎనిమిది వరసగా పెట్టాడు. ఒకదాని బొక్కలో పన్నున్న గాజు సీసా ఉంది, దాని మూతకు సన్నటి రంధ్రాలు. కుక్క ఒక్కో ఇటుక మీద ముక్కు పెట్టుకుంటూ వచ్చింది. ఆ ఇటుక దగ్గర ముక్కు ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. వెంటనే ఆయన చేతిలోంచి ఎర్ర రబ్బరు బంతి దాని ముందు పడింది. అది గంతులేసింది. అదే పని ఇరవైసార్లు చేయించాడు.

"అది పన్నును వెతకడం లేదమ్మా" అన్నాడు. "బంతిని వెతుకుతాంది. ఆ వాసన ఉన్న కాడ బంతి పుడతాదని దాని నమ్మకం. ఆ నమ్మకం చెడకుండా చూసుకోవల్ల. మన పని అంతే."

తర్వాత వారాల్లో బంతి రావడం ఆలస్యం చేశాడు. వాసన తగిలినా బంతి రాకపోయేసరికి కుక్క ఆయన మొహం చూసేది, అటూ ఇటూ తిరిగేది, చివరికి ఏమీ తోచక కూర్చునేది. కూర్చోగానే బంతి ఇచ్చేవాడు. అట్లా కూర్చోవడం దాని మాట అయింది. అరవకూడదు, తవ్వకూడదు, నోరు పెట్టకూడదు. కూర్చోవాలి. అంతే.

ఆ తర్వాత మిగతా ఇటుకల్లో మేక ఎముక, కోడి కాలు, ఎండు చేప, నేను వేసుకుని విప్పిన రబ్బరు చేతి తొడుగులు పెట్టించాడు. మేక ఎముక దగ్గర కుక్క కూర్చుంటే ఆయన తిట్టేవాడు కాదు, ఏమీ అనేవాడు కాదు. బంతి మాత్రం వచ్చేది కాదు. నెల తిరిగేసరికి అది మేక ఎముకను రోడ్డు మీద రాయిని దాటినట్టు దాటిపోయింది. నా తొడుగులను కూడా. బతికున్న మనిషి వాసన దానికి అక్కర్లేదు.

కోత అయిపోయిన శనగ చేలల్లో అసలు పని మొదలైంది. కుక్క వ్యానులో ఉండగా నేను చేతులకు కొత్త తొడుగులు వేసుకుని పోయి సీసాను గట్టు రాళ్ల సందులోనో, అడుగు లోతు మట్టిలోనో పెట్టేదాన్ని. నా అడుగుల వాసన పట్టుకుని రాకుండా చేనంతా తిరిగేదాన్ని. పెట్టిన చోటు కాగితం మీద గీసుకుని రోడ్డు మీదకు వచ్చి నిలబడేదాన్ని. ఎండాకాలంలో నల్లరేగడి నేల నెర్రెలిచ్చింది. ఒకసారి నేను పాతిన చోటికి పది అడుగుల అవతల, ఒక నెర్రె మీద కుక్క కూర్చుంది. తప్పు చేసిందని అన్నాను. ఆయన ఊదుకడ్డీ వెలిగించి నెర్రె దగ్గర పట్టాడు. పొగ ఎటు వంగుతోందో చూపించాడు.

"తప్పు కాదు. నేల కింద వాసన ఆడ్నుంచి నడిచొచ్చి ఈడ బయట పడతాంది. అది చెప్పేది నిజమే. ఆ నిజాన్ని మనం సరిగ్గా చదువుకోవల్ల."

కొన్ని ఆదివారాలు నేను ఏమీ దాచకూడదు. అది ఏ వారమో ఆయనకు కూడా తెలియకుండా, ఒకదాని మీద మాత్రం దాచవద్దని రాసి, నాలుగు చీటీలు మడిచి నన్నే ఒకటి తీసుకోమనేవాడు. ఆ చీటీ వచ్చిన వారం ఖాళీ చేనంతా తిరిగి కుక్క కూర్చోకుండా వెనక్కి రావాలి. లేనిదాన్ని ఉందని చెప్పే కుక్క ఒక ఇంటిని నాశనం చేస్తుందని ఆయన అనేవాడు.

రోడ్డు మీద నిలబడి చూసి చూసి నాకు కూడా దాని గుర్తులు తెలిశాయి. మామూలుగా వగరుస్తూ, నాలుక వేలాడేసుకుని పరుగెత్తుతుంది. వాసన తగలగానే నోరు మూసుకుంటుంది. తోక ఊగడం ఆగిపోతుంది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తల ఒక్కసారి వెనక్కి తిరుగుతుంది. కూర్చోవడం ఆ తర్వాతి సంగతి. ఇవన్నీ తెలిసినా ఏడాది పాటు నేను దాన్ని ఒక్కసారి కూడా తాకలేదు.

ఒక ఆదివారం ఆయన మూత బిగించిన ఉక్కు డబ్బా ఇచ్చాడు. అందులో గాజుగుడ్డలు, పుండుకు కట్టే పల్చటి గుడ్డలు, ఉన్నాయి. వాళ్ల ఊళ్లో ఆయన చిన్నమ్మ పోయినప్పుడు, శరీరం కింద ఒక రాత్రంతా పరిచి తీసినవి. పోకముందు ఆమెను అడిగాడట. "చచ్చినాక గుడ్డేంది, చీరే తీసుకోరా" అందట. పన్ను ఒక్కటే తెలిసిన కుక్క పన్నునే వెతుకుతుందని, మొత్తం మనిషి వాసన దానికి తెలియాలని ఆయన చెప్పాడు.

ఆ డబ్బా పట్టుకుని చేలో వంద అడుగులు నడవాలి. పట్టపగలు, ఎండ కాస్తోంది, దూరంగా అరటితోటల్లో మోటారు శబ్దం వినిపిస్తోంది. అయినా నా పక్కన ఇంకొకరు నడుస్తున్నట్టే ఉంది. అడుగు ఆపితే వాళ్ల అడుగు వినబడుతుందేమోనని నేను ఆగలేదు. నోట్లో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయాను. డబ్బా మూత తీసి రాళ్ల చాటున పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. సాయంత్రం ఇంటికి పోయి తలకు పోసుకున్నాను. రెండు రోజులు క్లినిక్కులో గాజుగుడ్డ ముట్టుకోవాలంటే వేళ్లు వెనక్కి పోయాయి.

ఆ మధ్యాహ్నం నేను రోడ్డు మీదకు వచ్చాక, కుక్క ఆ రాళ్ల దగ్గరికి పోయి ఆగింది. మెడ మీద వెంట్రుకలు లేచాయి. రెండడుగులు వెనక్కి వేసి ఆయన వైపు చూసింది. కూర్చోలేదు.

"దానికి కూడా భయమేస్తాంది" అన్నాడు ఆయన. దాన్ని బలవంతం చేయలేదు. దూరంగా తీసుకుపోయి పన్నుతో ఆడించాడు. మూడు ఆదివారాలు పట్టింది అది ఆ డబ్బా దగ్గర కూర్చోవడానికి. ఆ మూడు వారాలు మాత్రం దాని మీద నాకు జాలి కలిగింది.

మరుసటి ఏడు అక్టోబరులో నల్లమలలో రెండు రోజులు ఆగకుండా వాన పడింది. బావ అప్పటికి అరవై దాటాడు. వక్కిలేరు వాగు అవతల ఒక ఊళ్లో విగ్రహం నిలబెట్టే దిమ్మె సరిగ్గా ఉందో లేదో చూసి రమ్మని షెడ్డువాళ్లు పంపారు. సాయంత్రం తిరిగి వస్తుంటే వాగు పొంగి కాజ్‌వే మీదికి, ఆ పల్లపు వంతెన మీదికి, ఎక్కింది. ఇవతలి గట్టున టీ కొట్టాయన చూశాడు. బావ బండి ఆపి చాలాసేపు నిలబడ్డాడట. తర్వాత దిగి, బండి తోసుకుంటూ నీళ్లలోకి వచ్చాడట. సగం దాకా కనబడ్డాడట. తెల్లారి బండి రెయిలింగుకు తగులుకుని దొరికింది. మనిషి లేడు.

నాలుగు రోజులు ఫైరింజను వాళ్లు, ఈతగాళ్లు వెతికారు. నేను సెలవు పెట్టి అక్క దగ్గరే ఉన్నాను. నా భర్త లారీ మీద ఎక్కడో గుజరాతు దారిలో ఉన్నాడు. అక్క ఏడవలేదు. ఏ చెట్టు కొమ్మో పట్టుకుని ఏ ఊళ్లోనో గట్టెక్కి జ్వరంతో పడుకుని ఉంటాడని వచ్చినవాళ్లందరికీ చెప్తోంది. చెయ్యి తగిలితే ఉలిక్కిపడేది. నాలుగో రోజు నీళ్లు తీశాయి. ఈతగాళ్లు ఇంక దిగడానికి ఏమీ లేదన్నారు. వాగు పొడవునా మేటలు వేసిన బురద, ఇసుక మిగిలాయి.

నాకు ఒక ఫోను నంబరు తెలుసు. నాలుగు రోజులుగా దాన్ని తీసి చూసి ఫోను పక్కన పెడుతున్నాను. నంబరు నొక్కితే బావ చచ్చిపోయాడని నేనే ఒప్పుకున్నట్టు. చివరికి పెరట్లోకి పోయి ఫోను చేశాను.

"విన్నానమ్మా" అన్నాడు ఆయన. "పోయింది మీ బావ అని తెల్సు కాబట్టే నేను ఫోను చెయ్యలేదు. నాకై నేను రాకూడదు. పోలీసోళ్లు పిలవల్ల, ఇంటోళ్లు ఊఁ అనల్ల."

ఎస్సై వెంటనే ఒప్పుకున్నాడు. అక్కను అడగాలి. ఆమె వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. నేను కింద కూర్చుని చెప్పాను. అంతా విని అడిగింది.

"ఆ కుక్క బతికినోళ్లను వెతుకుతాదా, చచ్చినోళ్లనా?"

"చచ్చినోళ్లనే."

"మీ బావ ఈడ్నే యాడో కూర్చుని ఉంటే దానికి తెలుస్తాదా?"

"తెలీదు. పక్కన్నే ఉన్నా పట్టించుకోదు."

"మల్ల దాన్ని ఏంటికి పిలుస్తాండావ్?"

నేను మంచం కోడు పట్టుకున్నాను. అక్క మళ్లీ అంది.

"నిన్ను పద్నాలుగు రోజులు బస్సులో తిప్పినాడే. కుక్క కరిస్తే. ఇప్పుడు ఆయన మీదికి నువ్వు కుక్కను తెస్తావా?"

లేచి వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అక్కే లోపలికి వచ్చింది. చెంబుతో నీళ్లు ముంచుకుని తాగింది.

"అది కూర్చోకపోతే?" అంది.

"ఆ జాగాలో లేడని."

"అయితే రమ్మను. కూర్చోదు అది."

మరుసటి రోజు పొద్దున కుక్కాయన వ్యానులో వచ్చాడు. గుంపు అప్పటికే గట్టు మీద చేరింది. ఆయన గాలి ఎటు వీస్తోందో చూసుకుని, అందరినీ ఆ గాలికి అడ్డం లేకుండా వెనక్కి జరగమన్నాడు. అక్క నా చేయి పట్టుకుని ముందు వరసలో నిలబడింది. ఎవరు చెప్పినా కదల్లేదు.

కాజ్‌వేకు కిలోమీటరు దిగువన తుమ్మచెట్ల గుబురుకు వరద చెత్తంతా తట్టుకుని ఉంది. అక్కడ భరించలేని కంపు కొడుతోంది. జనం ముక్కులకు టవళ్లు అడ్డం పెట్టుకుని "ఈడ్నే, ఈడ్నే" అన్నారు. కుక్క ఆ గుబురు చుట్టూ ఒకసారి తిరిగింది. నోరు తెరిచే ఉంది, నాలుక వేలాడుతూనే ఉంది. దాటిపోయింది. ఆయన మాట నమ్మక ఇద్దరు మనుషులు కొమ్మలు లాగి చూశారు. దూడ కళేబరం.

అక్క నా చేయి నొక్కింది. ఆమె మొహంలో నాలుగు రోజులుగా లేని వెలుగు వచ్చింది. దాన్ని చూసి నాకు ఇంకా భయమేసింది.

వాగు వంపు తిరిగే చోట ఇసుకా బురదా కలిసి పెద్ద మేట వేసింది. పైన కంపు లేదు, గుర్తు లేదు, కడిగిన నేలలా ఉంది. తడి మట్టి వాసనను పైకి రానివ్వదని ఆయన పొడవాటి ఇనప చువ్వలు తెప్పించి, రెండేసి అడుగుల దూరంలో నిలువునా దిగేసి లాగించాడు. అరగంట ఆగమన్నాడు. చువ్వల బొక్కలు వరసలుగా కనబడుతున్నాయి. వాటి వైపు చూడకూడదని నేను అవతలి గట్టు మీద మేస్తున్న గొర్రెల్ని చూస్తూ నిలబడ్డాను.

కుక్కను వదిలాడు. మొదటి వరస దాటింది. రెండో వరస దాటింది. మూడో వరసలో నోరు మూసుకుంది.

ఆ గుంపులో ఆ సంగతి తెలిసింది ఆయనకూ నాకూ మాత్రమే. తోక ఆగింది. తల వెనక్కి తిరిగింది. నేను అక్క వైపు తిరిగాను. ఎందుకు తిరిగానో తెలియదు. ఆమె నన్నే చూస్తోంది. మళ్లీ అటు తిరిగేసరికి కుక్క కూర్చుని ఉంది. గుంపులో ఎవరో "అలిసిపోయినట్టుంది" అన్నారు.

ఆయన బంతి ఇవ్వలేదు. కుక్కను వెనక్కి పిలిచి, అవతలి వైపు నుంచి మళ్లీ పంపాడు. అది నేరుగా వచ్చి ఆ బొక్క దగ్గరే కూర్చుని ఆయన నడుముకున్న సంచి వైపు చూసింది. ఆయన చేయి సంచిలోకి పోయి అక్కడే ఉండిపోయింది.

నాకు అర్థమైంది. అది ఇన్నాళ్లూ పళ్లతో, గుడ్డలతో నేర్చుకున్న చదువంతా ఈ ఒక్క కూర్చోవడం కోసమే. ఇప్పుడు బంతి రాకపోతే, ఇంత పెద్ద వాసన తప్పని అది నేర్చుకుంటుంది. ఇంకో ఇంటివాళ్ల మనిషి దగ్గర అది కూర్చోదు. ఇస్తే మాత్రం గంతులేస్తుంది. మా అక్క ముందు, మా బావ మీద గంతులేస్తుంది. ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఏమడుగుతాంది అది?" అంది అక్క.

"బంతి, అక్కా. దొరికినప్పుడు ఇస్తారు. ఇప్పుడే ఇయ్యల్ల. ఇయ్యకపోతే..."

అక్క నా చేయి వదిలేసింది. రెండడుగులు ముందుకు వేసింది. గొంతు పెంచకుండానే అంది.

"ఇయ్యప్పా. దాని పని అది చేసింది. దానిది దానికి ఇయ్యి."

ఆయన బంతి వేశాడు. మామూలుగా "భళా, భళా" అని గట్టిగా మెచ్చుకునేవాడు. ఆ రోజు వంగి దాని చెవి దగ్గర చెప్పాడు. కుక్క బంతి నోట కరుచుకుని తడి ఇసుకలో గుండ్రంగా పరుగెత్తింది. అంతమంది నిలబడి ఉన్న చోట దాని వగర్పు, బంతి నొక్కినప్పుడల్లా వచ్చే కీచు శబ్దం తప్ప ఏమీ వినబడలేదు. ఒక కానిస్టేబులు టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

మూడడుగులు తవ్వారు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. చొక్కా మాత్రం చూపించమని అక్క అడిగింది. నీలం గళ్ల చొక్కాకు ఒక్క బొత్తం తెల్లది. అక్కే కుట్టింది. అప్పుడు ఆమె ఇసుకలో కూలబడి, నాలుగు రోజులు దాచుకున్నదంతా ఏడ్చింది. నేను పట్టుకున్నాను. నా చేతులు ఆమెను పట్టుకున్నాయో, ఆమెను పట్టుకుని నేను నిలబడ్డానో చెప్పలేను.

మర్నాడు బావను సమాధుల తోటలో పెట్టాము. చర్చివాళ్లంతా వచ్చారు.

ఆ తర్వాత నాకు కొత్త భయం పట్టుకుంది. వీధిలో ఏ కుక్క ఎక్కడ కూర్చున్నా అడుగు ముందుకు పడేది కాదు. మా ఎదురింటి మెట్ల మీద ఊరకుక్క ఒకటి రోజూ కూర్చుంటుంది. ఆ ఇంటి పెద్దాయన బయటికి వచ్చి పేపరు తీసుకునేదాకా కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. ఆదివారాలు మహానంది రోడ్డుకు పోవడం మానేశాను. ఆయన కూడా రమ్మని అడగలేదు. దాచే పనికి ఎవరో కాలేజీ లెక్చరరును కుదుర్చుకున్నాడని విన్నాను.

మూడు నెలలకు ఆళ్లగడ్డ పోయినప్పుడు అక్క గిన్నెలు తోముతూ అంది.

"ఆ పొద్దు కుక్క కూర్చోకముందే నువ్వు నా పక్కకు తిరిగినావు."

"అవును."

"నీ మొగం చూసి నాకు తెల్సిపోయింది. కుక్కను నేను చూడనే లేదు." గిన్నె బోర్లించి మళ్లీ అంది. "నిన్ను చూసినప్పుడల్లా ఆ పొద్దే గుర్తుకొస్తాంది. కొన్నాళ్లు రావద్దులే. కోపం కాదు."

నేను చెప్పులు తొడుక్కుని వచ్చేశాను. రెండు నెలలు పోలేదు. ఫోను మోగితే ఎత్తడానికి కూడా భయపడేదాన్ని. ఒక శనివారం ఆమే సంచీ నిండా మునక్కాయలు వేసుకుని క్లినిక్కుకు వచ్చి బల్ల మీద కూర్చుంది. మా పని అయ్యేదాకా పేషెంట్ల మధ్య కూర్చునే ఉంది. ఇంటికి పోయి పులుసు చేసుకుని తిన్నాం. ఆ మాట మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

ఈ ఏడు వానలు మొదలైనప్పుడు కుక్కాయన ఫోను చేశాడు. మతిమరుపున్న ఒక ముసలామె, కూతురితో మహానందికి వచ్చి అడవి పక్కకు పోయి కనబడలేదు. ఎనిమిది రోజులయింది. కూతురు కుక్కను దించనియ్యడం లేదు.

"నువ్వొచ్చి ఆమె పక్కన నిలబడతావా అమ్మా? నేను చెప్తే వినడం లేదు."

నాతో కాదన్నాను. ఫోను పెట్టేశాక అక్కకు చేసి చెప్పాను.

"పోవే" అంది. "ఆమెకెవరున్నారు."

ఆటోలో పోతుంటే చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాను. ఆ కూతురికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి. అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర అరుగు మీద, అమ్మ చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. నేనెవరని ఆమె అడగలేదు.

"అక్కా, ఆ కుక్క ఏం చేస్తాది?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గాలి చూస్తాది, తిరుగుతాది, దొరికితే కూర్చుంటాది, అప్పుడు దానికి బంతి ఇస్తారు, అది ఆడుకుంటాది, చూడలేకపోతే కండ్లు మూసుకో అని చెప్పాను. మా బావను అట్లాగే వెతికామని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు ఆ చెప్పుల పట్టీలు సరిచేస్తూ కూర్చుంది. తర్వాత తల ఊపింది.

రెండు రోజులు వెతికారు. కొండవాలు, బండల సందులు, వాగు మలుపులు. కుక్క ఎక్కడా కూర్చోలేదు. రెండో రోజు సాయంత్రం ఆయన బురద కాళ్లతో వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు.

"మేం చూసిన జాగాలో లేదమ్మా. అంతవరకే నేను చెప్పగలిగేది. చూడని జాగా ఇంకా శానా ఉంది."

ఆమె మొదటి మాటే విన్నది. లేచి నన్ను కౌగిలించుకుని, "మాయమ్మ ఉంది అక్కా, యాడో ఉంది" అని నవ్వుతూ ఏడ్చింది. ఆమె గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. ఆ సంతోషం ఎన్నాళ్లు నిలుస్తుందో, దాని తర్వాత ఏముంటుందో నాకు తెలుసు, తెలియదు కూడా. ఆమె నన్ను పట్టుకుని ఉండగా నంద్యాల పోయే ఆటోలు రెండు వచ్చాయి. రెండింటినీ పొమ్మని చెయ్యి ఊపాను.